వాణిజ్య ఒప్పందాల్లో కార్మికుల మాట: ఏ పద్ధతిని సమర్థించాలి?

2008 ఏప్రిల్‌లో గ్వాటెమాలాకు చెందిన ఆరు కార్మిక సంఘాలు, అమెరికాలోని పెద్ద కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ కలిసి అమెరికా ప్రభుత్వానికి ఒక ఫిర్యాదు ఇచ్చాయి. గ్వాటెమాలాలో యూనియన్ పెట్టినవాళ్ళను పనిలోంచి తీసేస్తున్నారు, తిరిగి చేర్చుకోమని కోర్టులు చెప్పినా యజమానులు లెక్కచేయడం లేదు, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటోంది అన్నది ఆరోపణ. అమెరికాకు, మధ్య అమెరికా దేశాలకు మధ్య ఉన్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం ఏ దేశం కార్మిక చట్టాలను ఆ దేశం గట్టిగా అమలు చేయాలి. తీర్పు 2017 జూన్‌లో వచ్చింది. తొమ్మిదేళ్ళు పట్టింది, చివరికి కేసు ఓడిపోయింది.

2021 మే నెలలో మెక్సికోలోని సిలావో ఊళ్ళో ఉన్న జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మీద అమెరికా ఇంకో ఫిర్యాదు పెట్టింది. అంతకుముందు నెల అక్కడ పాత వేతన ఒప్పందం మీద ఓటింగు జరుగుతుంటే బ్యాలెట్లు చింపేశారని బయటపడింది. ఆగస్టులో మళ్ళీ ఓటింగు పెట్టారు. 3,214 మంది పాత ఒప్పందం వద్దన్నారు, 2,623 మంది ఉండాలన్నారు. 2022 ఫిబ్రవరి మొదట్లో కొత్త యూనియన్ కోసం ఎన్నిక జరిగింది. పోలైన 5,389 ఓట్లలో 4,192 సింటియా అనే స్వతంత్ర సంఘానికే పడ్డాయి. మేలో జీతాలు 8.5 శాతం పెరిగాయి. మొత్తం ఏడాదిలో తేలిపోయింది.

రెండూ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల కింద నడిచిన కేసులే. రెండు ఒప్పందాల్లోనూ కార్మికుల గురించి ఒక అధ్యాయం ఉంది. అందుకే "ఒప్పందంలో కార్మిక నిబంధన ఉండాలా, వద్దా" అన్న చోటే ఆగిపోయే వాదనలతో నాకు పేచీ. ఆ నిబంధన ఏ రకానిది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కాలేజీలో డిబేట్‌కు సిద్ధమవుతున్నా, యూనియన్‌లో ఉన్నా, ఎగుమతి వ్యాపారం చేస్తున్నా, లేదా బట్ట కొంటూ "ఇది కుట్టినవాళ్ళకు ఎంత ఇచ్చి ఉంటారు" అని ఆలోచించే మనిషైనా, ఈ రకాల మధ్య తేడా తెలిస్తే ఒక పక్షం తీసుకోవచ్చు.

పోల్చడానికి నేను మూడు విషయాలు చూస్తాను. ఫిర్యాదు చేసే హక్కు ఎవరికుంది? శిక్ష పడితే ఆ దెబ్బ ఎవరికి తగులుతుంది, తప్పు చేసిన ఫ్యాక్టరీకా, దేశం మొత్తానికా? తేలడానికి ఎన్నాళ్ళు పడుతుంది? జీతం కోసం నెలాఖరు దాకా ఆగడమే కష్టమైన మనిషికి తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చే న్యాయం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

అసలు నిబంధనే వద్దు

ముందు ఈ వాదన వినాలి, ఎందుకంటే చాలాకాలం మన దేశం వాదన ఇదే. 1996 డిసెంబరులో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశంలో కార్మిక ప్రమాణాలను వాణిజ్య నియమాల్లోకి తేవాలని అమెరికా పట్టుబడితే, భారత్, మలేసియా లాంటి దేశాలు గట్టిగా అడ్డుపడ్డాయి. కార్మికుల సంగతి చూడాల్సింది అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, వాణిజ్య సంస్థ కాదు అని చివరికి ప్రకటనలో రాసుకున్నారు. 1999లో సియాటిల్ సమావేశం సమయంలో అధ్యక్షుడు క్లింటన్ ఒక పత్రికతో మాట్లాడుతూ ప్రమాణాలు పాటించని దేశాల మీద ఆంక్షలు ఉండొచ్చన్నట్టు చెప్పేసరికి పేద దేశాల ప్రతినిధులు భగ్గుమన్నారు. "మీ కార్మికుల పేరు చెప్పి మా సరుకు ఆపుతారు" అన్నది వాళ్ళ అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్ బాల కార్మికులతో చేయించిన సరుకు దిగుమతిని ఆపాలని బిల్లు పెట్టారు. ఆ బిల్లు చట్టం కానే లేదు. ఆ కబురు వినే బంగ్లాదేశ్ ఫ్యాక్టరీ యజమానులు పిల్లల్ని పనిలోంచి తీసేశారు. యూనిసెఫ్ అంచనా ప్రకారం అలా వీధిన పడ్డవాళ్ళు సుమారు 50,000 మంది. వాళ్ళంతా బడికి పోలేదు. రాళ్ళు కొట్టే పనికీ, వీధుల్లో చిల్లర పనులకూ, అంతకన్నా ఘోరమైనవాటికీ వెళ్ళినవాళ్ళున్నారు. 1995లో బట్టల ఎగుమతిదారుల సంఘం, యూనిసెఫ్, ఐఎల్ఓ ఒప్పందం చేసుకుని ఆ పిల్లలకు బడి, కొంత భృతి ఏర్పాటు చేశాక గానీ పరిస్థితి కాస్త కుదుటపడలేదు.

కార్మిక హక్కుల వైపు మాట్లాడేవాళ్ళు ఈ ఉదంతాన్ని దాటేస్తారు. దాటేయకూడదు. అయితే నిబంధనే వద్దు అనేవాళ్ళు కూడా కథ రెండో సగం దాటేస్తారు: బయటి ఒత్తిడి లేకపోతే 1995 ఒప్పందం కూడా జరిగేది కాదు. ఒత్తిడి మంచిదే, కానీ దాని వెంట బడి, భృతి లాంటి ఏర్పాటు లేకపోతే పిల్లల మీదే పడుతుందని దీన్నుంచి నాకు అర్థమైంది.

కోరల్లేని నిబంధన

రెండో రకం, "ఇరుపక్షాలూ కార్మిక హక్కులను గౌరవిస్తాయి" అని రాసుకుని శిక్ష సంగతి ఎత్తని ఒప్పందాలు. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య ఉండిన పాత వాణిజ్య ఒప్పందం నాఫ్టాకు అనుబంధంగా 1994లో అమల్లోకి వచ్చిన కార్మిక ఒప్పందం కాగితం మీద దీనికన్నా ఒక మెట్టు పైనే ఉంది. బాల కార్మికులు, కనీస వేతనం, పని చోట భద్రత విషయాల్లో జరిమానా దాకా వెళ్ళే దారి ఉంది. యూనియన్ పెట్టుకునే హక్కు విషయానికొస్తే మాత్రం మంత్రులు కూర్చుని మాట్లాడుకోవడంతో సరి. ఆచరణలో ఏ ఫిర్యాదూ జరిమానా దాకా పోలేదు. మెక్సికో కార్మికులకు దానివల్ల ఒరిగింది తక్కువ.

భారత్ ఇప్పుడు ఒప్పుకుంటున్నది ఈ రకమే. 2024 మార్చి 10న స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ దేశాల కూటమితో, 2025 జూలై 24న బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందాల్లో కార్మికుల ప్రస్తావన ఉంది. సింగపూర్ రోజులతో పోలిస్తే ఇది చిన్న మార్పేమీ కాదు. కానీ ఆ హామీ తప్పితే వివాద పరిష్కార ప్యానెల్ ముందుకు వెళ్ళే దారి లేదు, సంప్రదింపులే.

ఇదంతా కంటితుడుపే అని తీసిపారేసేవాణ్ణి, దక్షిణ కొరియా సంగతి చదివేదాకా. యూరోపియన్ యూనియన్‌తో కొరియా ఒప్పందంలోనూ శిక్ష లేదు. ఐఎల్ఓ ప్రధాన ఒప్పందాలను ఆమోదించడానికి ప్రయత్నిస్తామని మాట మాత్రం ఉంది. కొరియా ఆ మాట నిలబెట్టుకోవడం లేదని యూరప్ 2018 డిసెంబరులో ఫిర్యాదు చేసింది. 2021 జనవరిలో నిపుణుల ప్యానెల్ తన అభిప్రాయం చెప్పింది: కార్మిక సంఘాల చట్టం కొన్ని చోట్ల ఒప్పందానికి విరుద్ధంగా ఉంది, పైగా ఈ హామీ ఎగుమతి రంగానికే కాదు, దేశం మొత్తానికీ వర్తిస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో కొరియా మూడు ఐఎల్ఓ ఒప్పందాలను ఆమోదించింది. జరిమానా లేదు, సుంకం లేదు. మరెలా కుదిరింది? కొరియాలో బలమైన యూనియన్లున్నాయి, అప్పటి ప్రభుత్వం ఎన్నికల్లో ఇచ్చిన మాట కూడా అదే. లోపల నెట్టేవాళ్ళుంటే బయటి నుంచి చిన్న తోపు చాలు. లోపల ఎవరూ లేనిచోట ఈ రకం నిబంధన కాగితంగానే మిగులుతుంది.

దేశాన్ని శిక్షించే నిబంధన

ఇక గ్వాటెమాలా రకం. తప్పు తేలితే దేశం ఏడాదికి 1.5 కోట్ల డాలర్ల దాకా కట్టాలి. ఆ డబ్బు మళ్ళీ ఆ దేశంలో కార్మికుల కోసమే ఖర్చు పెడతారు. వినడానికి బాగానే ఉంటుంది. కార్మికులు ఫిర్యాదు చేయొచ్చు గానీ, కేసు నడపాలా వద్దా అన్నది అమెరికా ప్రభుత్వం ఇష్టం. నడిపినా రుజువు చేయాల్సినవి చాలా. కోర్టు ఉత్తర్వులు కొన్ని ఫ్యాక్టరీల్లో అమలు కాలేదని ప్యానెల్ ఒప్పుకుంది కూడా. కానీ అది "వాణిజ్యాన్ని ప్రభావితం చేసే రీతిలో", పదే పదే జరిగిందని రుజువు కాలేదంది. పనిలోంచి తీసేసిన కార్మికురాలు తన వల్ల రెండు దేశాల మధ్య పోటీ ఎంత మారిందో లెక్కగట్టి చూపించాలన్నమాట.

ఇదే రకానికి ఇంకో రూపం, ధనిక దేశాలు పేద దేశాలకు ఏకపక్షంగా ఇచ్చే సుంకం రాయితీని వెనక్కి తీసుకోవడం. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారు సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, జూన్‌లో అమెరికా బంగ్లాదేశ్‌కు ఇస్తున్న రాయితీ ఆపేసింది. గట్టి చర్య అనిపిస్తుంది కదా. కానీ ఆ రాయితీ బట్టలకు ముందు నుంచీ లేనే లేదు! ఆ దెబ్బ తగిలింది పొగాకు, ప్లాస్టిక్ సామాన్లు, పింగాణీ గిన్నెలు, గోల్ఫ్ ఆట సామగ్రి లాంటివి పంపేవాళ్ళకు. కూలిన భవనంలో ఉన్నవి బట్టల ఫ్యాక్టరీలు. తలనొప్పికి మోకాలికి మందు రాశారు.

2020లో యూరప్ కంబోడియాకు చేసింది ఇంతకన్నా సూటిగా ఉంది. ప్రతిపక్ష పార్టీ నిషేధం, పౌర హక్కులు, కార్మిక హక్కుల ఉల్లంఘనలు కారణంగా చూపి ఆగస్టు 12 నుంచి ఆ దేశం యూరప్‌కు పంపే ఎగుమతుల్లో సుమారు ఐదో వంతుకు రాయితీ తీసేసింది. తప్పు చేసింది పాలకులు. ఆర్డర్లు తగ్గితే ముందు ఇంటికి పోయేది మెషీన్ మీద కూర్చున్న ఆడపిల్ల. అదీ కోవిడ్ మధ్యలో. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, అది గుర్తొస్తుంది. ఈ ఆయుధానికి బెదిరింపుగా కొంత విలువ ఉందని ఒప్పుకుంటాను, వాడకుండా ఉన్నంతసేపే.

దేశం మొత్తం మీద పడే సుంకం కింది దాకా ఎలా దిగుతుందో మన గోదావరి జిల్లాల వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. దానికి కారణం కార్మికులు కాదు, వేరే రాజకీయం. కానీ భీమవరం వైపు చెరువు గట్టు మీద రొయ్యల కౌంట్ రేట్లు పడిపోయాయి. వాషింగ్టన్‌కు ఎవరి మీద కోపం వచ్చిందన్నది రైతుకూ, షెడ్డులో రొయ్య పొట్టు వలిచే ఆమెకూ అనవసరం.

ఫ్యాక్టరీని పట్టుకునే నిబంధన

సిలావోలో పనిచేసింది ఈ రకం. నాఫ్టా స్థానంలో 2020 జూలై 1న వచ్చిన యూఎస్‌ఎంసీఏ ఒప్పందంలో దీన్ని 'సత్వర స్పందన' ఏర్పాటు అంటారు. ఎవరైనా, ఒక కార్మికుడైనా సరే, ఫిర్యాదు పెట్టొచ్చు. అమెరికా 30 రోజుల్లో దాన్ని పరిశీలించాలి. నిజముందనిపిస్తే మెక్సికోకు పంపాలి, మెక్సికో 45 రోజుల్లో విచారించాలి. ఈలోగా ఆ ఫ్యాక్టరీ సరుకు మీద సుంకం లెక్క తేల్చకుండా పెండింగులో పెట్టే అధికారం అమెరికాకు ఉంది. పదేపదే తప్పు చేస్తే ఆ ఫ్యాక్టరీ సరుకును సరిహద్దు దగ్గరే ఆపేయొచ్చు. పక్క ఫ్యాక్టరీకి ఏమీ కాదు. ఇప్పటికి 30కి పైగా ఫ్యాక్టరీల మీద ఈ దారిలో కేసులు నడిచాయి. చాలావాటిలో తీసేసినవాళ్ళను తిరిగి తీసుకోవడం, బకాయిలు కట్టడం, రహస్య ఓటింగు పెట్టడంతో వ్యవహారం ముగిసింది.

ఈ ఏర్పాటు ఏ సమస్య కోసం వచ్చిందో కూడా చెప్పాలి. మెక్సికోలో చాలా ఫ్యాక్టరీల్లో యూనియన్ ఉండేది, కార్మికులకు మాత్రం అది ఉన్నట్టే తెలియదు. ఫ్యాక్టరీ కట్టకముందే యజమాని ఒక నాయకుడితో సంతకాలు చేయించుకునేవాడు. వాటిని అక్కడ 'రక్షణ ఒప్పందాలు' అంటారు, రక్షణ యజమానికన్నమాట. 2019 మేలో మెక్సికో తన కార్మిక చట్టం మార్చి, ఉన్న ప్రతి ఒప్పందాన్నీ కార్మికుల రహస్య ఓటుకు పెట్టాలంది. అమెరికా ఆ సంస్కరణ కోసం నాలుగేళ్ళకు 18 కోట్ల డాలర్లు కేటాయించింది. అంటే వాణిజ్య నిబంధన ఒక్కటే ఈ పని చేయలేదు. దేశంలో చట్టం మారింది, డబ్బు వచ్చింది, సిలావోలో ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నా ఓటేసినవాళ్ళు ఉన్నారు.

లోపాలు లేకపోలేదు. మెక్సికో ఇదే ఏర్పాటును అమెరికా ఫ్యాక్టరీ మీద వాడాలంటే, అప్పటికే అక్కడి కార్మిక సంబంధాల బోర్డు ఉత్తర్వు ఒకటి ఉల్లంఘనకు గురై ఉండాలి. ఆచరణలో ఇది ఒకవైపు దారే. జకాటెకాస్‌లోని సాన్ మార్టిన్ గని విషయంలో 2024లో ప్యానెల్ ఈ కేసు మా పరిధిలోకి రాదు అనేసింది, చాలా ఏళ్ళ కిందట మొదలైన సమ్మె కావడంతో. ఇంకో మాట. అదే ఒప్పందంలో కారు విలువలో 40 నుంచి 45 శాతం గంటకు కనీసం 16 డాలర్లు సంపాదించే కార్మికుల చేతుల మీదుగా తయారవ్వాలన్న షరతు ఉంది. మెక్సికోలో అంత జీతం ఎవరిస్తారు? ఉద్యోగాలు ఉత్తరానికి లాక్కోవడానికే పెట్టిన షరతు అది. కార్మిక హక్కు పేరుతో వచ్చే ప్రతిదీ ఆ కార్మికుల కోసమే వచ్చిందనుకోకూడదు. హార్కిన్ బిల్లు నాటి అనుమానం ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది.

తాయిలం పెట్టే నిబంధన

నాకు అన్నిటికన్నా నచ్చినది, ఇప్పుడు పెద్దగా వాడుకలో లేనిది. 1999లో అమెరికా, కంబోడియా బట్టల ఎగుమతి మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి. అప్పట్లో ఏ దేశం ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు అమెరికాకు పంపొచ్చో కోటాలుండేవి. కంబోడియా ఫ్యాక్టరీల్లో పని పరిస్థితులు మెరుగుపడితే ఏటా కోటా 14 శాతం దాకా పెంచుతామన్నారు, తర్వాత దాన్ని 18 శాతం చేశారు. మెరుగైందో లేదో చూసే బాధ్యత ఐఎల్ఓది. 2001 నుంచి ఐఎల్ఓ మనుషులు ముందు చెప్పకుండా ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళు, జీతం పుస్తకాలు చూసేవాళ్ళు, బయట కార్మికులతో విడిగా మాట్లాడేవాళ్ళు.

ఇందులో మర్మం ఏమిటంటే, బాగా చూసుకుంటే ఆర్డర్లు పెరుగుతాయి. పక్క ఫ్యాక్టరీ తప్పు చేస్తే దేశం కోటా తగ్గుతుంది కాబట్టి యజమానులే ఒకరినొకరు కనిపెట్టుకునేవాళ్ళు. తప్పు చూపించినవాడికి భయపడి దాచడం కన్నా దిద్దుకోవడంలో లాభం ఎక్కువ. హార్కిన్ బిల్లుకు ఇది సరిగ్గా తలకిందులు.

2005 జనవరి 1న ప్రపంచమంతా బట్టల కోటాలు రద్దయ్యాయి. కోటానే లేనప్పుడు అదనపు కోటా ఏముంటుంది? తనిఖీల కార్యక్రమం కొనసాగింది గానీ, తాయిలం పోయాక యజమానుల ఉత్సాహం మునుపటిలా లేదు. ఇప్పటి ఒప్పందాల్లో ఆ పని చేయగలిగేది దశలవారీ సుంకం తగ్గింపు. ఫలానా తనిఖీ వ్యవస్థలో ఉన్న ఫ్యాక్టరీ సరుకుకు సుంకం రెండేళ్ళు ముందే సున్నా అని రాస్తే సరి. రాయడానికి కష్టమేమీ లేదు.

ఒప్పందం బయటి దారులు

ప్రభుత్వాలను నమ్ముకోకుండా కంపెనీలే చూసుకుంటాయనే వాదన కూడా ఉంది. సోషల్ ఆడిట్లు, సర్టిఫికెట్లు. 2012 సెప్టెంబరులో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కొన్ని వారాల ముందే దానికి ఎస్ఏ8000 అనే పేరున్న కార్మిక ప్రమాణ సర్టిఫికెట్ దక్కింది. దీని గురించి ఇంతకన్నా చెప్పను.

రాణా ప్లాజా తర్వాత వచ్చిన అకార్డ్ వేరు. 2013 మేలో బ్రాండ్లు, ప్రపంచ కార్మిక సమాఖ్యలు సంతకం చేసిన ఈ ఒప్పందానికి చట్టబద్ధత ఉంది. 200కు పైగా బ్రాండ్లు చేరాయి, 1,600కు పైగా ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లు గోడలు, వైరింగు, మెట్లు చూశారు. తనిఖీ నివేదికలు అందరికీ కనిపించేలా బయటపెట్టారు. మాట తప్పిన బ్రాండ్‌ను హేగ్‌లోని మధ్యవర్తిత్వ కోర్టు దాకా లాగారు. ఒక బ్రాండ్ 23 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. నా మూడు ప్రశ్నలకూ ఇది మంచి జవాబులిస్తుంది. కానీ ఇది చూసేది భవనం, నిప్పు, కరెంటు. జీతం దీని పరిధిలోకి రాదు.

మూడో దారి దిగుమతి నిషేధం. వెట్టిచాకిరీతో తయారైన సరుకు దేశంలోకి రాకూడదని అమెరికాలో 1930 నుంచీ చట్టం ఉంది. అందులోని పెద్ద మినహాయింపు 2016లో తీసేశాక గానీ దానికి పదును రాలేదు. దీన్నుంచి మన వాళ్ళు చూడాల్సిన కేసు మలేసియాది. 2020 జూలైలో అక్కడి టాప్ గ్లోవ్ కంపెనీ చేతి తొడుగులను అమెరికా ఆపేసింది. అందులో పనిచేసేవాళ్ళు చాలామంది నేపాల్, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి ఏజెంట్లకు డబ్బు కట్టి, అప్పులపాలై వచ్చినవాళ్ళు. కంపెనీ వాళ్ళందరికీ కలిపి సుమారు 13.6 కోట్ల రింగిట్లు తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళకు ఏజెంటు కమీషన్ అంటే ఏమిటో, దానికి తెచ్చిన అప్పు తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలుసు. ఆ డబ్బు వెనక్కి ఇప్పించిన సాధనం ఏ ఒప్పందంలోనూ లేదు, ఒక పాత సుంకం చట్టంలో ఉంది.

మరి ఏది?

మీరు ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

యూనియన్‌లో ఉన్నవాళ్ళు ఫ్యాక్టరీని పట్టుకునే రకం అడగాలి, కానీ రెండు దేశాలకూ సమానంగా వర్తించేలా అడగాలి. అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ నడిపే బట్టల పార్కుకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కంపెనీ బస్సుల్లో వేలమంది ఆడవాళ్ళు పనికి వెళ్తారు. అక్కడ కుట్టినవి పై దేశాలకు పోతాయి. అలాంటి చోట ఫిర్యాదు చేసే హక్కు ఢిల్లీలో మంత్రికి కాకుండా మెషీన్ మీద కూర్చున్నామెకు ఉండాలి. కొరియా దారి ఇక్కడ కష్టం. యూనియన్ పెట్టుకునే స్వేచ్ఛ, ఉమ్మడి బేరసారాల హక్కు మీద ఉన్న 87, 98 ఐఎల్ఓ ఒప్పందాలను భారత్ ఇంతవరకూ ఆమోదించలేదు.

చిన్న ఎగుమతిదారులు సాధారణంగా నిబంధనే వద్దంటారు. నేనైతే తాయిలం రకం కోసం కొట్లాడమంటాను. ఎలాగూ పెద్ద బ్రాండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడిట్ల మీద ఆడిట్లు పెట్టి, ఆ ఖర్చు మీ మీదే వేస్తున్నాయి. ఒకే తనిఖీ, దానికి బదులుగా సుంకంలో తగ్గింపు అంటే మీకే లాభం. దేశాన్ని శిక్షించే రకాన్ని మాత్రం వ్యతిరేకించండి. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఎవరో చేసిన తప్పుకు మీ కంటైనర్ ఆగుతుంది.

బట్టలు కొనేవాళ్ళు సర్టిఫికెట్ గుర్తు కన్నా ఆ బ్రాండ్ అకార్డ్ లాంటి చట్టబద్ధ ఒప్పందంలో ఉందో లేదో చూస్తే మేలు. మన పక్కనే తమిళనాడులో దిండిగల్ దగ్గర 2022 ఏప్రిల్‌లో కొన్ని బ్రాండ్లు, ఒక ఎగుమతి కంపెనీ, దళిత మహిళలు నడిపే యూనియన్ కలిసి ఆడవాళ్ళ మీద వేధింపులు ఆపడానికి ఇలాంటి ఒప్పందం చేసుకున్నాయి. ఇంకా చిన్నదే, కానీ ఆడవాళ్ళు ఫిర్యాదు పెట్టుకునే చోటు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి వచ్చింది.

ఇక డిబేట్‌కు వెళ్ళే విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ పద్ధతుల్లో చాలావరకు ఎగుమతి సరుకు వెంటే నడుస్తాయి. గద్వాల, కర్నూలు వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని పెట్టడం గురించి ఏళ్ళ తరబడి పరిశోధనలు వచ్చాయి. బాల కార్మికులతో పండించిన సరుకుల అమెరికా జాబితాలో భారత హైబ్రిడ్ పత్తి విత్తనం ఉంది. కానీ ఆ విత్తనంలో ఎక్కువ భాగం మన రైతులే కొంటారు. సరిహద్దు దాటని సరుకును ఏ కస్టమ్స్ అధికారి ఆపుతాడు? అక్కడ పనిచేయాల్సింది మన లేబర్ ఆఫీసు, మన బడి. ఎగుమతి సరుకైతే నిబంధన ఒక్కటే చాలు అనే వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ కూడా దగ్గర పెట్టుకోండి. 2001 చివర్లో అమల్లోకి వచ్చిన అమెరికా-జోర్డాన్ ఒప్పందం అసలు పాఠంలోనే కార్మిక నిబంధన ఉన్న మొదటి అమెరికా ఒప్పందం. అయినా 2006లో జోర్డాన్ బట్టల ఫ్యాక్టరీల్లో బంగ్లాదేశ్, శ్రీలంక, భారత్ నుంచి వచ్చినవాళ్ళ పాస్‌పోర్టులు లాక్కుని రోజుకు పద్నాలుగు పదహారు గంటలు పని చేయిస్తున్నారని బయటపడింది. ఐఎల్ఓ తనిఖీ కార్యక్రమం మొదలైంది 2008లో. నిబంధన ముందు వచ్చింది, చూసే కళ్ళు ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చాయి.

కొత్త ఒప్పందం పాఠం బయటికి వచ్చినప్పుడు వందల పేజీలు చదవక్కర్లేదు. కార్మిక అధ్యాయం చివరికి వెళ్ళి వివాద పరిష్కారం దీనికి వర్తిస్తుందా లేదా చూడండి. తర్వాత ఫిర్యాదు ఎవరు పెట్టొచ్చో, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో చూడండి. శిక్ష సంగతే లేకపోతే అది కొరియా రకం, లోపలి యూనియన్ల బలాన్ని బట్టే నడుస్తుంది. చివరిగా, "వాణిజ్యాన్ని ప్రభావితం చేసే రీతిలో" అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే ఆ ప్రభావం ఎవరు రుజువు చేయాలో చూడండి. యూఎస్‌ఎంసీఏలో ప్రభావం ఉన్నట్టే లెక్క, లేదని రుజువు చేసుకోవాల్సింది ఎదుటి దేశం. గ్వాటెమాలా కార్మికులు తొమ్మిదేళ్ళు ఆగి ఓడిపోయింది ఈ నాలుగు మాటల దగ్గరే.